తాగనివాడికి వచ్చిన కడుపునొప్పి

నేను చదివింది అరవ బళ్ళో, తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

పదేళ్ళ కిందట ఒక రాత్రి భోజనమయ్యాక మా బావమరిదికి పైకడుపులో నొప్పి మొదలయింది. వీపులోకి పొడుచుకుపోయేది. ముందుకి వంగి కూర్చుంటేనే కాస్త ఓర్చుకోగలిగేవాడు. గ్యాసు అనుకుని సోడా తాగించాము. వాంతులు ఆగలేదు. మరునాడు ఆస్పత్రిలో చేరిస్తే క్లోమం వాచిందన్నారు. అరవంలో కణయం అంటారే, అదే. సంగతి తెలియగానే చుట్టాలు "దొంగచాటుగా తాగుతున్నాడేమో" అన్నారు. జన్మలో చుక్క ముట్టనివాడు, నొప్పికన్నా ఆ మాటకే కుంగిపోయాడు. అందుకే ఈ జబ్బు చరిత్ర వెతికి చదివాను.

1889లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ దీని లక్షణాలను వివరంగా రాశాడు. 1896లో ప్రాగ్‌లో హాన్స్ కియారి, క్లోమం తన జీర్ణరసంతో తననే అరిగించుకుంటోందన్నాడు. ఎందుకలా? 1901లో బాల్టిమోర్‌లో యూజీన్ ఓపీ ఒక శవపరీక్షలో, పిత్తనాళమూ క్లోమనాళమూ కలిసి పేగులోకి తెరుచుకునే చోట ఇరుక్కున్న చిన్న రాయిని చూశాడు. మా రైల్వే భాషలో చెప్పాలంటే, జంక్షన్‌లో ఒక్క గూడ్సు ఆగిపోతే రెండు లైన్లూ నిలిచిపోయినట్టు.

ఈనాటికీ పిత్తాశయపు రాళ్ళు, సారాయి, ఈ రెండే పెద్ద కారణాలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటినా, కొన్ని మందుల వల్లా రావచ్చు. కొందరిలో కారణమే దొరకదు.

తీవ్రత కనుక్కోవడం మరో కథ. రక్తంలో అమైలేస్ ఎంత పెరిగిందన్నది జబ్బును పట్టిస్తుంది గాని ప్రమాదం ఎంతో చెప్పదు. 1974లో న్యూయార్క్ సర్జన్ జాన్ రాన్సన్ పదకొండు గుర్తులు లెక్కగట్టాడు. వయసు, తెల్లకణాలు, చక్కెర వంటి ఐదు చేరినప్పుడు చూస్తారు. కాల్షియం, ఆక్సిజన్ వంటి ఆరు 48 గంటల్లో చూస్తారు. మూడుగాని అంతకుమించిగాని ఉంటే జాగ్రత్త పడాలి. 1992లో అట్లాంటాలో వైద్యులు కూడి ఒక వర్గీకరణ చేశారు. 2012లో దాన్ని సవరించి మూడు మెట్లు పెట్టారు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తప్రసరణ, వీటిలో ఏది దెబ్బతిని 48 గంటలు దాటినా తేరుకోకపోయినా అది తీవ్రమైన మెట్టు.

మావాడికి స్కానింగులో రాళ్ళు కనిపించాయి. వాపు తగ్గాక పిత్తాశయం తీసేశారు. ఇప్పుడు బాగున్నాడు. కాని ఆనాడు ఆ మాట అన్నవాళ్ళ ఇంటి గడప ఈనాటికీ తొక్కలేదు.

ఇలాంటి నొప్పి వస్తే సోడాతో రాత్రి గడపకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మంచం మీదున్నవాణ్ణి తాగావా అని అడగవలసింది డాక్టరు. చుట్టాలం మనం కాదు.