ముస్తఫా ఎందుకు లావయ్యాడు?

మా ఊరి బస్టాండు వెనక వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళ వేస్తే ముస్తఫా ఆడొచ్చు. ఆ ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అనీ, దాన్ని 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిందనీ ఇంజనీరింగ్‌లో చేరేదాకా నాకు తెలీదు. అందులో ఎంచుకోడానికి నలుగురుంటే, వాళ్ళలో ఒకడి పేరు ముస్తఫా. మన పిల్లలు ఏకంగా ఆటకే ఆ పేరు పెట్టేసుకున్నారు.

పోయినేడాది హైదరాబాద్‌లో నా ఫ్రెండొకడు ఆ ఆట ఉన్న పాత పెట్టె కొన్నాడు. నిలువెత్తు చెక్క పెట్టె. బోర్డు పనిచేస్తోంది, శబ్దం వస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. “నువ్వు సాఫ్ట్‌వేర్ కదరా, చూడు” అన్నాడు. ఆ బరువైన పిక్చర్ ట్యూబు పీకేసి ఫ్లాట్ మానిటర్ పెట్టేద్దామన్నాను. ట్యూబులో వేల వోల్టులుంటాయి, స్విచ్ తీసినా ఛార్జి మిగిలే ఉంటుంది. అందుకని విప్పడానికి ఒక టీవీ మెకానిక్‌ని పిలిచాం. ఆయన విప్పుతూ, “ఇహెచ్‌టి పోయినట్టుంది సార్, ట్యూబు బానే ఉందేమో” అన్నాడు. నేను వినిపించుకోలేదు. సాయంత్రానికి అది పాత సామాన్లవాడి బండెక్కింది. నా దృష్టిలో తెర అంటే ఉత్త అవుట్‌పుట్. ఏ తెరైనా ఒకటే.

వైర్లు కలిపి ఆన్ చేస్తే కొత్త మానిటర్ ‘అవుటాఫ్ రేంజ్’ అంది. కారణం వెతుక్కుంటూ పోతే చరిత్రలో యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

1972లో అటారీ ఇంజనీర్ ఆల్ ఆల్కార్న్ ‘పాంగ్’ తయారుచేసినప్పుడు ఆటల కోసమంటూ ప్రత్యేకంగా తెరేమీ చేయించలేదు. షాపుకెళ్ళి మామూలు హిటాచీ బ్లాక్ అండ్ వైట్ టీవీ కొనుక్కొచ్చి చెక్క పెట్టెలో బిగించాడు. కాలిఫోర్నియా సన్నీవేల్‌లో ఒక బార్‌లో పెట్టిన ఆ పెట్టెతో కథ మొదలైంది. తర్వాత ఆట పెట్టెల కోసమే మానిటర్లు వచ్చినా వాటి గుణం టీవీదే. అమెరికా టీవీ బొమ్మకి 525 గీతలు, సెకనుకి 30 బొమ్మలు. గుణిస్తే సెకనుకి 15,750 గీతలు. ఆట బోర్డులు కూడా ఆ చుట్టుపక్కల వేగంతోనే బొమ్మని పంపేవి. మన దూరదర్శన్ పద్ధతిలో 625 గీతలు, 25 బొమ్మలు. అంటే 15,625. రెండూ దాదాపు ఒకటే. మా ఊళ్ళో గేమ్ పెట్టె పాడైతే టీవీ మెకానిక్కే వచ్చి ఎందుకు బాగుచేసేవాడో నాకిప్పుడర్థమైంది. పెట్టె లోపలున్నది ఆయనకి తెలిసిన వస్తువే.

కంప్యూటర్ మానిటర్ల దారి వేరు. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ సెకనుకి దాదాపు 31,500 గీతలడిగింది, అంటే సరిగ్గా రెట్టింపు. ఇప్పటి ఫ్లాట్ మానిటర్లు చాలావరకు అంతకన్నా కిందకి దిగవు. మధ్యలో చిన్న కన్వర్టర్ బోర్డు పెడితే అది ప్రతి గీతనీ రెండు చేసి పంపుతుంది. అదీ కొన్నాం, బొమ్మ వచ్చింది.

వచ్చింది గానీ, ముస్తఫా లావుగా ఉన్నాడు. నడుము బాగా పెరిగి, కాళ్ళు పొట్టయిపోయాయి.

ఇక్కడే నా ఇంజనీరు బుర్ర నన్ను మోసం చేసింది. ఆ బోర్డు గీసే బొమ్మ అడ్డంగా 384 చుక్కలు, నిలువుగా 224. ఈ లెక్కన చూస్తే ఇప్పటి వెడల్పు తెరే దానికి దాదాపు సరైనది! మరి తప్పెక్కడ? ఆ 384 చుక్కల్నీ పాత ట్యూబు నాలుగుకి మూడు కొలతలో ఇరికించేది. ఒక్కో చుక్కా చతురస్రం కాదు, కాస్త సన్నగా, నిలువుగా ఉండేది. ముస్తఫా నాజూకుతనం బోర్డులో లేదు, ట్యూబులో ఉంది. గీసినవాళ్ళు చూసుకున్నదీ, షాపులో మనం చూసిందీ ఆ సన్నబడ్డ బొమ్మనే. వెడల్పు తెర నిండా సాగదీస్తే మనిషి మూడో వంతు లావెక్కుతాడు. మెనూలో కొలత మార్చి, రెండు పక్కలా నల్లపట్టీలు వదిలేశాక మన ముస్తఫా మనకి దక్కాడు. కానీ గీతకీ గీతకీ మధ్య ఉండే సన్నని చీకటి, చుక్కల అంచుల్ని కరిగించే మెత్తదనం రాలేదు. ఒక్కో చుక్కా ఇటుకలా కనబడుతోంది.

ఇది ఒక్క ముస్తఫా సంగతే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. 1978లో టైటో కంపెనీలో తొమొహిరో నిషికాడో చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ సంగతి చూడండి. దాని మానిటర్‌కి రంగులే లేవు. తెర మీద రంగు కాగితం పట్టీలు అంటించారు, బొమ్మ ఏ పట్టీ కిందకొస్తే ఆ రంగు. మనవాళ్ళకిది కొత్తేం కాదు. బ్లాక్ అండ్ వైట్ టీవీల ముందు రంగుల ప్లాస్టిక్ షీటు తగిలించి మురిసిపోయిన ఇళ్ళు మనకి బోలెడు. ఆ ఆట ప్రోగ్రాము మొత్తం కాపీ చేసి దాచినా అందులో ఆ రంగుల జాడే ఉండదు.

1979 నాటి అటారీ ‘ఆస్టరాయిడ్స్’ ఇంకో అడుగు ముందుకెళ్ళింది. దాని తెరకి గీతల వరసలే లేవు. ఎలక్ట్రాన్ కిరణం పెన్నులా నేరుగా రాళ్ళ ఆకారాల్ని గీస్తుంది. తూటా దగ్గరికొచ్చేసరికి కిరణం ఒకే చుక్క మీద నిలబడుతుంది కాబట్టి అది నిప్పురవ్వలా మెరుస్తుంది. దీన్ని గీతల్ని రెట్టింపు చేసే కన్వర్టర్‌తో ఫ్లాట్ తెరకి ఎక్కించలేం, రెట్టింపు చెయ్యడానికి అక్కడ గీతలుండాలి కదా. బొమ్మనంతా చుక్కల్లోకి మళ్ళీ లెక్కగట్టాల్సిందే. ఆకారం వస్తుంది, ఆ మెరుపు రావడం కష్టం.

పుస్తకాల విషయంలో మనం ఇంత తొందరపడం. తాళపత్రంలో ఉన్నది టైపు చేసుకున్నాం కదా అని తాళపత్రాన్ని పారెయ్యం. ఆటల దగ్గరకొచ్చేసరికి నాలాంటివాళ్ళు ప్రోగ్రామే ఆట అనుకుంటారు. అది సగమే. మిగతా సగం గాజులో, ఫాస్ఫర్ పూతలో, అంటించిన రంగు కాగితంలో ఉండిపోయింది.

నా ఫ్రెండు వాదన వేరు. “ఆడుకోడానికే కదరా కొన్నా, ఆడుతున్నాంగా” అంటాడు. కాదనలేను. ట్యూబులు ఎల్లకాలం ఉండవు, కొత్తవి దాదాపు రావట్లేదు. ఫ్లాట్ మానిటరే లేకపోతే ఆ పెట్టె ఈపాటికి అటకెక్కేది. ఆదివారాలు వాడి కూతురు దాని ముందు స్టూలేసుకుని కూర్చుంటుంది. ఆ పాపకి ముస్తఫా అంటే ఇటుకల మనిషే, అలాగే నచ్చాడు కూడా.

కాబట్టి ఫ్లాట్ మానిటర్ పెట్టడం తప్పని అనను. ట్యూబు నిజంగా పోయిందో లేదో చూడకుండా పెట్టడం నా తప్పు. ఇహెచ్‌టి మార్చి చూడ్డానికి ఇంకొక్క పూట పట్టేది. చూసుంటే, కనీసం ఆ తెర వెలిగినప్పుడు ఎలా ఉండేదో ఫొటో తీసుకునేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గరున్నది మా ఊరి షాపు జ్ఞాపకం, 384, 224 అనే రెండు అంకెలు. ఈసారి ఎవరైనా పాత పెట్టె కొని నన్ను పిలిస్తే, ముందు ఆ మెకానిక్ చెప్పేది వింటా.