చేతులు కడిగించిన చదువు



మా బళ్లారి వైపు తెలుగు ఇళ్లలో బిడ్డను చూడ్డానికి ఎవరైనా వస్తే, గుమ్మం దగ్గరే చెంబుతో నీళ్లిచ్చి కాళ్లూ చేతులూ కడుక్కోమనేవారు. నీళ్లిచ్చే ముసలమ్మ ఏ బడికీ వెళ్లింది కాదు. అయినా ఆమె మాటకు ఇంట్లో ఎదురు లేదు. ఆసుపత్రిలో అదే మాట చెప్పే మనిషికి ఆపాటి అధికారం దక్కడానికి మాత్రం నూరేళ్లు దాటింది. ఈ పూట ఆ కథ చెప్పుకుందాం.

1847వ సంవత్సరం, వియన్నా నగరం. అక్కడి పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల విభాగాలుండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు పురుళ్లు పోసేవారు. పురిటి జ్వరంతో చనిపోయే బాలింతలు మొదటి విభాగంలో నూటికి సుమారు పదిమంది, రెండోదానిలో నలుగురు. ఎందుకీ తేడా?

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడిని ఈ ప్రశ్న నిద్రపోనివ్వలేదు. అంతలో శవపరీక్ష చేస్తుండగా కత్తి గాటు పడి అతని స్నేహితుడు కొలెచ్కా మరణించాడు. ఆ రోగ లక్షణాలు అచ్చం బాలింతల జ్వరంలాగే ఉన్నాయి. శవాలను తాకిన చేతులే తిన్నగా కాన్పు గదికి వస్తున్నాయని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కుంటేనే లోపలికి రావాలని మే నెలలో నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌లో రెండుకు కాస్త ఎక్కువగా మాత్రమే ఉన్నాయి.

లెక్క కళ్లెదుటే ఉన్నా పెద్దలు ఒప్పుకోలేదు. మీ చేతులే ప్రాణాలు తీస్తున్నాయంటే ఎవరికి రుచిస్తుంది? 1849లో అతని ఉద్యోగం పోయింది. 1865లో పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు. ఆ తర్వాత పాశ్చర్, లిస్టర్‌ల కృషి వల్ల సూక్ష్మజీవుల సంగతి లోకం ఒప్పుకుంది.

పెన్సిలిన్ వచ్చాక ఇక భయం లేదనుకున్నారు. 1950లలో ఆ మందుకు లొంగని క్రిములు ఆసుపత్రులలోనే ప్రబలాయి. అప్పుడు, 1959లో, ఇంగ్లండులోని టార్కీ పట్టణంలో ఒక నర్సును ప్రత్యేకంగా ఈ పనికే నియమించారు. వార్డులన్నీ తిరిగి ఎవరికి చీము పట్టింది, ఎక్కడినుంచి అంటింది అని ఆరా తీయడమే ఆమె ఉద్యోగం.

అమెరికాలో ఈ పనివారు 1972లో సంఘం పెట్టుకున్నారు. అయినా ఒక చిక్కు మిగిలింది. పెద్ద సర్జన్‌ను ఆపి "అయ్యా, చేతులు కడుక్కున్నారా?" అని అడగాలంటే నర్సుకు ఏ అండ ఉంది? అందుకు ఒక జవాబుగా సీబీఐసీ అనే స్వతంత్ర మండలి ఏర్పడి, 1983లో తొలి అర్హత పరీక్ష పెట్టింది. అందులో నెగ్గినవారికి సీఐసీ అనే పట్టా ఇస్తారు. రెండేళ్ల తర్వాత, 1985లో, ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. నిఘా, 250 పడకలకు ఒక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, తగిన వైద్యుడు ఉన్న ఆసుపత్రులలో ఇలాంటి అంటురోగాలు సుమారు మూడో వంతు తగ్గాయని అది తేల్చింది.

ఈ పరీక్ష నర్సులే కాదు, ఈ పని చేసే వైద్యులూ ల్యాబు నిపుణులూ రాయవచ్చు. మూడు గంటలు, 150 ప్రశ్నలు. క్రిముల లక్షణాలు, రోగుల లెక్కలు, పరికరాల శుద్ధి, సిబ్బంది ఆరోగ్యం, వీటితోపాటు ఎదుటివారికి నేర్పే విద్య కూడా పాఠ్యాంశమే. ఉపాధ్యాయుడిగా నాకు ఆ చివరి మాట బాగా నచ్చింది.

ఇంకో సంగతి. నేను బీఎడ్ ఒక్కసారే రాశాను. ఆ కాగితం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. తర్వాత ఏం చదివావని నన్ను అడిగినవారు లేరు. వీరి పట్టాకు ఐదేళ్లే ఆయువు. కొత్తగా నేర్చుకున్నామని రుజువు చూపకపోతే అది చెల్లదు.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో అంటురోగ నివారణకు జాతీయ మార్గదర్శకాలు వెలువరించింది. కాగితం మీది మాట మంచం దాకా రావాలి.

కొన్నేళ్ల కిందట మా అమ్మకు ఆపరేషన్ జరిగింది. ఒకే జత చేతితొడుగులతో వరసగా నాలుగు మంచాల వారికి కట్లు మార్చడం చూశాను. అడగబోయి ఊరుకున్నాను. నేనేమైనా డాక్టరునా? వారం తిరక్కుండా అమ్మ గాయం చీము పట్టింది. దానికి అదే కారణమని నేను రుజువు చేయలేను. కానీ అడగలేదన్న బాధ మాత్రం పోలేదు.

ఆ వార్డులో అడిగే చదువు, అడిగే హక్కు ఉన్న ఒక్క మనిషి ఉండి ఉంటే ఎంత బాగుండేది! మీ ఇళ్లలో నర్సింగు చదివే అమ్మాయిలు, అబ్బాయిలు ఉంటే ఈ దారి ఒకటుందని చెప్పండి. గుమ్మం దగ్గర చెంబు పట్టుకున్న ఆ ముసలమ్మ పనికి నేటి కాలం ఇచ్చిన పట్టా ఇది.