కలకత్తాలో పెరగని కలకత్తావారు

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలయింది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠీ జిల్లాలు బొంబాయిలో, కన్నడ జిల్లాలు మైసూరులో కలిశాయి. రెండు రోజుల తరువాత, నవంబరు 3న, ఆ రద్దయిన రాష్ట్రపు రాజధానిలో పుట్టి పెరిగిన పద్మజా నాయుడు కలకత్తా రాజభవనంలో పశ్చిమ బెంగాల్ గవర్నరుగా ప్రమాణ స్వీకారం చేశారు. తల్లి వైపు బెంగాలీ, తండ్రి వైపు తెలుగు, ఊరి వైపు ఉర్దూ. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క ఇల్లు కేటాయించిన వారంలోనే ఏ ఒక్క ఇంటికీ పూర్తిగా చెందని మనిషి, భాషాభిమానానికి పేరుపడ్డ నగరంలో రాజ్యాంగాధిపతి అయ్యారు. బెంగాల్, బీహార్‌లను కలిపి ఒకే రాష్ట్రం చేద్దామని ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ఆ ఏటి జనవరిలోనే ప్రతిపాదించి, జనాగ్రహానికి తలవంచి వెనక్కి తీసుకున్న నగరమది.

ఆ దశకంలోనే రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త భారతదేశానికి వచ్చి, ఇక్కడ ఉద్యోగాల్లో ఉన్న అమెరికన్ కుటుంబాలను పరిశీలించారు. తల్లిదండ్రుల సంస్కృతి ఒకటి, పెరుగుతున్న గడ్డది మరొకటి, ఈ రెంటి నడుమ పిల్లలు తమకు తామై కల్పించుకునేది మూడోది. అటువంటి పిల్లలకు ఆమె పెట్టిన పేరే ‘థర్డ్ కల్చర్ కిడ్’. తెలుగులో దీనికి సరైన మాట లేదు. ఉన్నది ‘రెంటికీ చెడ్డ రేవడి’ అన్న తిట్టు మాత్రమే. యూసీమ్ చూసినది అమెరికన్ పిల్లలనే గాని, ఆ పేరుకు అచ్చంగా సరిపోయే ఇల్లు అంతకు డెబ్బయి ఏళ్ళ ముందే హైదరాబాదులో ఉంది.

ఆ ఇంటి యజమాని అఘోరనాథ చట్టోపాధ్యాయ. తూర్పు బెంగాల్‌లోని విక్రమపురం ప్రాంతం వారి స్వస్థలం. ఎడిన్‌బరోలో సైన్స్ డాక్టరేట్ పొంది, నిజాం రాజ్యంలో ఆంగ్ల విద్యకు పునాది వేయడానికి వచ్చారు. ఆయన నడిపిన హైదరాబాదు కళాశాలే తరువాత నిజాం కళాశాల అయింది. 1883లో చాందా రైల్వే వ్యవహారంలో లెక్కలు బయటపెట్టాలని ప్రజలను కూడగట్టినందుకు ప్రభుత్వం ఆయనను రాజ్యం నుంచి వెళ్ళగొట్టింది. కొంతకాలానికి మళ్ళీ పిలిపించింది. బయటినుంచి వచ్చినవాడు ఊరి ఖజానా గురించి ప్రశ్నించడం ఏలినవారికి ఎప్పుడూ కంటగింపే. అయితే ఆ ప్రశ్నలో ఆయన పక్కన నిలిచినవారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి స్థానికులు ఉన్నారన్న సంగతి మరువరాదు.

1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టిన పెద్ద కుమార్తె సరోజిని తన బాల్యం గురించి చెప్పిన సంగతి ఒకటి ప్రసిద్ధం. ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసిన తొమ్మిదేళ్ళ పిల్లను తండ్రి ఒక రోజంతా గదిలో ఒంటరిగా ఉంచారు. ఆయన ఆమెను శిక్షించింది ఆ ఒక్కసారే. బయటికి వచ్చాక ఆమె తల్లిదండ్రులతో ఇంగ్లీషు తప్ప మరొకటి మాట్లాడలేదు. తల్లి వరదసుందరీదేవి మాత్రం కూతురితో హిందుస్థానీలోనే మాట్లాడేవారు. అంటే బెంగాలీ తల్లి ఒక భాషలో పలకరిస్తే, బెంగాలీ కూతురు వేరొక భాషలో బదులిచ్చేది. ఆ రెండూ బెంగాలీ కావు. దీన్ని లోటుగా చూడడం సులువు. ఆ ఇంటి పిల్లలు దాన్ని లోటుగా భావించిన దాఖలా లేదు. సరోజిని కవితల్లోని బజారు, గాజులమ్మేవారు, సాయంకాలపు నమాజు పిలుపు అన్నీ హైదరాబాదువే. అదే ఆమె ‘మూడో సంస్కృతి’.

1898 డిసెంబరులో ఆమె డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని పెళ్ళాడారు. కులం వేరు, ప్రాంతం వేరు. మద్రాసులో బ్రహ్మసమాజ పద్ధతిన ఆ వివాహం జరిపించినవారు కందుకూరి వీరేశలింగం. బెంగాల్‌లో పుట్టిన బ్రహ్మసమాజం, రాజమహేంద్రవరపు సంస్కర్త, మద్రాసు వేదిక, హైదరాబాదు వధూవరులు. ఇటువంటి కలయిక గాలికి జరగదు. దాని వెనుక చదువుకున్న కొద్ది కుటుంబాలను కలిపిన సంస్కరణోద్యమపు బంధాలు ఉన్నాయి.

మరి కలకత్తా వారికి ఏమయింది? తండ్రి చివరిరోజులు గడిపిన ఊరయింది. అఘోరనాథులు 1915లో అక్కడే కన్నుమూశారు. 1906 డిసెంబరులో అక్కడ స్త్రీవిద్య గురించి సరోజిని చేసిన ప్రసంగం ఆమెను జాతీయ వేదికకు పరిచయం చేసింది. వారికి కలకత్తా చుట్టాల ఊరు, సభల ఊరు. బాల్యపు ఊరు కాదు. హైదరాబాదులో వారు బెంగాలీలు, కలకత్తాలో హైదరాబాదీలు.

1952 తొలి సార్వత్రిక ఎన్నికలు ఈ కథలో అందరికంటే విచిత్రమైన ఘట్టం. సరోజిని తమ్ముడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్ర అభ్యర్థిగా విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆమె కుమారుడు జయసూర్య మెదక్ నుంచి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున గెలిచారు. బెంగాలీ మేనమామ మద్రాసు రాష్ట్రపు తెలుగు ఓటర్లకు, సగం బెంగాలీ మేనల్లుడు హైదరాబాదు రాష్ట్రపు తెలుగు ఓటర్లకు ఒకే సభలో ప్రతినిధులు. దీన్ని ఓటరు విశాలహృదయానికి నిదర్శనంగా కీర్తించడం తొందరపాటు. కృష్ణా తీరాన అప్పుడు వీచింది ఎర్రగాలి. అభ్యర్థి మాతృభాష కంటే వెనకున్న జెండా పెద్దది. అయినా ఆ భాష అడ్డం రాలేదన్నది నిజం.

అదే ఏడు హైదరాబాదు, వరంగల్లులలో ‘నాన్ ముల్కీ గోబ్యాక్’ నినాదం మోగింది, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఇక్కడ ఒక భేదం గమనించాలి. ముల్కీ నిబంధన అడిగింది ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నావని. పదిహేనేళ్ళ నివాసం చూపితే చాలు, ఇంట్లో ఏ భాష మాట్లాడితే దానికేమి? 1956 సరిహద్దు అడిగింది నీ భాష ఏమిటని. మొదటి కొలతతో చట్టోపాధ్యాయుల బిడ్డలు నిక్కమైన హైదరాబాదీలు. రెండో కొలతకు వారు అందరు. ఉద్యోగాల కోసం పుట్టిన మొదటి కొలతలో సంకుచితత్వం లేదని కాదు. కాని పిల్లవాడు ఎక్కడివాడో తేల్చడానికి ఇల్లు మాట్లాడే భాష కంటే అతడు ఆడుకున్న వీధే నమ్మదగిన సాక్ష్యం.

కలకత్తా తన వంతుగా ఈ కుటుంబాన్ని ఆలస్యంగా, చమత్కారంగా కలుపుకుంది. సత్యజిత్ రాయ్ 1969లో తీసిన ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’లో హరీంద్రనాథ్ మాంత్రికుడు బర్ఫీ. ఆ పాత్ర పలికేవి ఏ భాషకూ చెందని శబ్దాలు. 1974 నాటి ‘సోనార్ కెల్లా’లో ఆయనే సిధూ జ్యాఠా. ఇంటినిండా పుస్తకాలు, వార్తల కత్తిరింపులతో, అడిగినదానికల్లా జవాబు చెప్పే కలకత్తా పెదనాన్న. ఆ నగరపు పిల్లలు నేటికీ తమవాడిగా తలచే ఆ పెద్దమనిషి ముఖం హైదరాబాదులో పుట్టినవాడిది, విజయవాడ మాజీ ఎంపీది.

పద్మజ పదకొండేళ్ళ దగ్గర రాజభవనంలో ఉన్నారు. 1967 మార్చిలో అజయ్ ముఖర్జీ నాయకత్వంలో తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడినప్పుడు గవర్నరు ఆమే. ఆమె దిగిపోయిన కొద్ది నెలలకే వచ్చిన బర్తరఫు వివాదం ధర్మవీర పద్దులో చేరింది.

ఇక్కడివరకు చెప్పినదంతా డాక్టరేట్ల, స్కాలర్‌షిప్పుల ఇంటి కథ. అదే కాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది తెలుగువారు హుగ్లీ ఒడ్డున టీటాగఢ్ వంటి చోట్ల జనపనార మిల్లులకు, బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకై ఖరగ్‌పూర్‌కు వెళ్ళారు. వారి పిల్లలూ రెండు లోకాల మధ్యనే పెరిగారు: ఇంట్లో తెలుగు, మిల్లు లైన్లలో హిందుస్థానీ, బజారులో బెంగాలీ. వారిని చుట్టుపక్కలవారు ‘మద్రాసీ’లన్నారు. నైజాం దర్బారు స్కాలర్‌షిప్పు వారికి లేదు. వారి మాటలకు ముందుమాట రాసే లండన్ విమర్శకుడు లేడు. వారి మూడో సంస్కృతి ఏ పుస్తకానికీ ఎక్కలేదు. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. అప్పటికి ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఓటు వేస్తున్నాయి.