ది ఫ్యాట్ డక్

ది ఫ్యాట్ డక్ (బలిసిన బాతు అని అర్థం) ఇంగ్లాండులోని బెర్క్‌షైర్ కౌంటీకి చెందిన బ్రే గ్రామంలో ఉన్న ప్రసిద్ధ భోజనశాల. పాతకాలపు పల్లెటూరి పబ్ భవనంలో ప్రయోగాత్మక వంటకాలను వడ్డించడం దీని ప్రత్యేకత. దీని స్థాపకుడు హెస్టన్ బ్లూమెంథాల్.

చరిత్ర

ఈ భవనం 16వ శతాబ్దానికి చెందినది. పూర్వం ఇందులో ఒక పబ్ ఉండేది. ప్రధానంగా స్వయంకృషితో వంట నేర్చుకున్న బ్లూమెంథాల్ 1995లో ఇక్కడ భోజనశాల ప్రారంభించాడు. మొదట్లో స్టీక్, చిప్స్, నిమ్మకాయ టార్ట్ వంటి సాధారణ ఫ్రెంచి భోజనమే లభించేది. తరువాత వంటకాలు క్రమంగా మారాయి. మిషెలిన్ గైడు దీనికి 1999లో మొదటి నక్షత్రాన్ని, 2002లో రెండవదానిని, 2004లో మూడవదానిని ఇచ్చింది. 2005లో ప్రపంచంలోని 50 ఉత్తమ భోజనశాలల జాబితాలో ఇది ప్రథమ స్థానం పొందింది. అదే గ్రామంలోని వాటర్‌సైడ్ ఇన్ 1985లోనే మూడు నక్షత్రాలు పొందింది.

2015లో మరమ్మతుల కోసం దీనిని మూసివేసి, కొన్ని నెలలు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో నడిపారు. అందువలన 2016 మిషెలిన్ గైడులో దీనికి చోటు దక్కలేదు. 2017 గైడులో మూడు నక్షత్రాలు తిరిగి లభించాయి.

వంటకాలు

రుచి నాలుకకు మాత్రమే సంబంధించినది కాదని, వాసన, శబ్దం, జ్ఞాపకం కూడా దానిని మారుస్తాయని బ్లూమెంథాల్ అభిప్రాయం. ముఖ్యమైన వంటకాలు:

* నత్తల జావ – ఓట్స్, పార్స్లీ కలిపిన వెన్న, నత్తలతో చేస్తారు.
* గుడ్డు, బేకన్ ఐస్‌క్రీం – అల్పాహారపు రుచిని తీపి వంటకంగా మార్చినది.
* సముద్ర ఘోష – టాపియోకాతో చేసిన 'ఇసుక', నురుగు, సముద్రాహారం ఉంటాయి. తినేవారు శంఖంలో అమర్చిన ఐపాడ్ ద్వారా అలల శబ్దం వింటారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ స్పెన్స్‌తో కలిసి చేసిన ప్రయోగాలు దీనికి ఆధారం.
* మూడుసార్లు వండిన చిప్స్ – బంగాళదుంప ముక్కలను ముందు నీటిలో ఉడికించి, చల్లార్చి తేమ తీసివేస్తారు. తరువాత తక్కువ వేడి నూనెలో ఒకసారి, ఎక్కువ వేడి నూనెలో మరొకసారి వేయిస్తారు. లోపల మెత్తగా, పైన కరకరలాడుతూ ఉండే ఈ పద్ధతిని తరువాత అనేక ఇతర భోజనశాలలు అనుసరించాయి.

2009 సంఘటన

2009 ప్రారంభంలో ఇక్కడ భోజనం చేసిన ఐదు వందలకు పైగా వ్యక్తులు తాము అస్వస్థులైనట్లు తెలియజేశారు. ఫిబ్రవరి చివరిలో భోజనశాలను తాత్కాలికంగా మూసివేసి, మార్చిలో తిరిగి తెరిచారు. దీనికి నోరోవైరస్ కారణమని, అది ఆల్చిప్పల ద్వారా వచ్చి ఉండవచ్చని ఆరోగ్య సంరక్షణ సంస్థ విచారణలో తేలింది. అధికారులకు ఆలస్యంగా సమాచారమివ్వడం, అనారోగ్యంతో ఉన్న సిబ్బంది పనిచేయడం వ్యాధి వ్యాప్తికి తోడ్పడ్డాయని నివేదిక పేర్కొన్నది. వంటకం ఎంత కొత్తదైనా వంటగది పరిశుభ్రతకు సంబంధించిన ప్రాథమిక నియమాలు మారవని ఈ సంఘటన తెలియజేస్తుంది.