ప్లేగుకు ‘అమ్మ’ ఎలా చేరింది?

1898 ఆగస్టులో బెంగళూరులో ప్లేగు బయటపడింది. రెండేళ్ల ముందు బొంబాయిలో మొదలైన జబ్బు రైలుదారిన ఇక్కడికి చేరింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం అప్పటికే ఉంది. సర్కారువాళ్లు ప్రయాణికుల్ని ఆపి చూశారు, ఇళ్లు ఖాళీ చేయించారు, రోగుల్ని వేరే ఉంచారు. ఇరుకు పేట వదిలి జనం పోయేందుకు మల్లేశ్వరం, బసవనగుడి బడావణెలు పెరిగాయి. ఇవన్నీ కాగితాల్లో దొరుకుతాయి. ఇళ్లల్లో జనం ఆ జబ్బును ఏమనుకున్నారో తెలియాలంటే మాత్రం మాటల్ని తవ్వాలి.

ముందు మశూచి సంగతి చూడండి. అది పాత చుట్టం. మన తెలుగులో ‘అమ్మవారు పోసింది’ అంటారు. పక్కన తమిళంలో ‘అమ్మై పోట్టిరుక్కు’ అనీ ఉంది, ‘వార్త్తిరుక్కు’ అనీ ఉంది, వార్చడమంటే పోయడమే. కన్నడంలో ‘అమ్మ ఆగిదె’. ఈ మూడు క్రియల నడుమ మన హోసూరు, బెంగళూరు తెలుగు బతికింది. అమ్మవారు పోస్తే ఇంట్లో తాలింపు వేయరు, గుమ్మానికి వేపమండలు కడతారు, తగ్గాక తలకు పోస్తారు. అక్కడా ‘పోయడమే’, గమనించారా? వచ్చినావిడకి ఒక మర్యాద, పోయేటప్పుడు ఒక సాగనంపు.

ప్లేగుకు ఇవేవీ లేవు. ఎలుకలు రాలేవి, తర్వాత మనుషులకు గజ్జల్లో, చంకల్లో గడ్డలు లేచేవి, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోయేది. పేరు కూడా మనది కాదు, కచేరీ నుంచి వచ్చిన ఇంగ్లీషు మాట. జనం ఆ మాటనే పట్టుకుని దానికి అమ్మను చేర్చారు. బెంగళూరులో ప్లేగమ్మ గుడి ఉంది, కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మన్ గుళ్లున్నాయి.

దీన్ని ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. భయపడ్డవాళ్లు ఊరు వదిలి తోటల్లో గుడిసెలు వేసుకున్నారు, అమ్మకు మొక్కుకున్నారు కూడా. ఒకటి చేస్తే రెండోది చేయకూడదని వాళ్లకెవరూ చెప్పలేదు. ‘ప్లేగమ్మ’ అన్న మాటలో సగం సర్కారుది, సగం మనది. ఏ రిపోర్టూ ఇంత పొట్టిగా ఆ కాలాన్ని చెప్పలేదని నా లెక్క.

1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. దాని క్రియ మాత్రం ఆటలమ్మకి దక్కింది. మీ ఇంట్లో ‘పోసింది’ అంటారా, ‘అయ్యింది’ అంటారా, ‘వేసింది’ అంటారా? ఊరి పేరుతో సహా రాయండి. పెద్దవాళ్లు ఉంటే వాళ్లనే అడిగి, వాళ్లు అన్నది అన్నట్టుగానే రాయండి, దిద్దొద్దు.