పాత కంప్యూటర్లు చూపిన దారి

ఇంటర్నెట్ అనగానే మీకు అతి వేగంగా పనిచేసే యంత్రాలు గుర్తుకు వస్తాయి. కానీ దాని తొలి రోజుల్లో దారి చూపినవి అప్పటికే పాతబడిన చిన్న కంప్యూటర్లు. అది ఎలా సాధ్యమైందో చూద్దాం.

1986లో అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ శాన్ డియాగో, బౌల్డర్, షాంపేన్, పిట్స్‌బర్గ్, ఇథాకా, ప్రిన్స్‌టన్‌లలోని ఆరు పరిశోధన కేంద్రాలను కలుపుతూ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌ను నెలకొల్పింది. ఆ కేంద్రాల్లో సూపర్ కంప్యూటర్లు ఉండేవి. వాటి మధ్య కూడళ్లలో మాత్రం ఎల్‌ఎస్‌ఐ-11 అనే 16 బిట్ల చిన్న యంత్రాలు ఉండేవి. అవి 1970లో వచ్చిన పీడీపీ-11 కుటుంబానికి చెందినవి. వాటిని నడిపిన సాఫ్ట్‌వేర్‌ను డేవిడ్ మిల్స్ రూపొందించాడు. దాని ముద్దుపేరు ఫజ్‌బాల్.

ఇంత చిన్న యంత్రం అంత పని ఎలా చేసింది? రూటర్ చేసే పనిని గమనించండి. వచ్చిన ప్యాకెట్ మీది చిరునామా చదవాలి, పట్టికలో దారి వెతకాలి, తగిన లైను మీదకు పంపాలి. అంతే. పైగా ఆ లైన్లు సీరియల్ లైన్లు, అంటే బిట్లు ఒకదాని వెనుక ఒకటి వెళతాయి. వేగం సెకనుకు 56 వేల బిట్లు. 576 బైట్ల ప్యాకెట్‌లో 4,608 బిట్లుంటాయి కనుక అది లైను దాటడానికి సుమారు 82 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోగా చిన్న ప్రాసెసర్ కూడా వేల ఆదేశాలను అమలు చేయగలదు. ఆలస్యమంతా లైనుదే, యంత్రానిది కాదు.

బిట్ల వరుసలో ఒక ప్యాకెట్ ఎక్కడ ముగిసిందో ఎలా తెలుస్తుంది? మామూలు టెలిఫోను లైన్ల కోసం వాడుకలోకి వచ్చి, 1988లో పత్రంగా వెలువడిన స్లిప్ పద్ధతి దీనికి సులభమైన జవాబు చెప్పింది. ప్యాకెట్ చివర 192 అనే బైటు పెడతారు. సమాచారంలోనే 192 వస్తే దాని బదులు 219, 220 అనే రెండు బైట్లు పంపుతారు. 219 వస్తే 219, 221 పంపుతారు. ఇంత తేలికైన నియమం కనుకనే సాధారణ పర్సనల్ కంప్యూటర్లు కూడా రూటర్లు కాగలిగాయి. అయితే స్లిప్‌లో దోషాలను పట్టుకునే ఏర్పాటు లేదు. ఆ లోటును తర్వాత వచ్చిన పీపీపీ పద్ధతి తీర్చింది.

త్వరలోనే ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌లో రద్దీ పెరిగింది. దూరపు కంప్యూటర్ మీద అక్షరం అక్షరం టైపు చేస్తూ పనిచేసేవారికి జవాబు రావడమే గగనమైంది. అప్పుడు మిల్స్ వారి ప్యాకెట్లను ముందు పంపి, పెద్ద ఫైళ్లను కాసేపు ఆగేలా చేశాడు. ఎవరిని ముందు పంపాలన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించినది కూడా. మీరే ఆలోచించండి.

1988లో సెకనుకు 15 లక్షల బిట్ల లైన్లు వచ్చాయి. 82 మిల్లీసెకన్ల వ్యవధి మూడుకు తగ్గింది. ఫజ్‌బాల్ స్థానంలో ఒక్కో కూడలికి అనేక ఐబీఎం ఆర్‌టీ యంత్రాలను కలిపి నిలపవలసి వచ్చింది. అయినా ఫజ్‌బాల్స్ మీద మిల్స్ పరీక్షించిన గడియారాలను సరిచూసే ఎన్‌టీపీ పద్ధతి నేటికీ కంప్యూటర్లకు సమయం చెబుతోంది.

యంత్రం పాతదా కొత్తదా అన్నది రెండో ప్రశ్న. చేయవలసిన పని ఎంత, దానికి ఉన్న వ్యవధి ఎంత అన్నదే మొదటి ప్రశ్న.