జాతీయగీతం, క్రీడామైదానం, అభిమాని: అమెరికాలో ఒక వివాద చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో వృత్తి క్రీడాకారులు, అంటే ఆటే జీవనోపాధిగా క్లబ్బుల నుంచి జీతం పుచ్చుకునేవారు, జాతీయగీతం వినిపిస్తున్న వేళ నిరసన తెలపవచ్చునా అన్న తగవు 2016లో పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, దాని వేళ్లు నూరేళ్ల వెనకకు పోతాయి. ఈ తగవులో క్రీడాకారులూ యజమానులూ రాజకీయ నాయకులూ మాట్లాడినదంతా పుష్కలంగా నమోదయింది. కాని తీర్పరి స్థానంలో కూర్చున్నది మాత్రం టికెట్టు కొని వచ్చిన అభిమానే. చట్టం తేల్చకుండా వదిలేసిన విషయాన్ని అతని చప్పట్లూ గేలికేకలూ, అతను కొన్న జెర్సీలూ కొనడం మానేసిన టికెట్లూ తేల్చాయి. అభిమానుల వాదనల్లో అన్నిటికంటె ఎక్కువగా వినవచ్చేది, నిరసించే కారణం ఏదైనా కావచ్చు, ఎంచుకున్న పద్ధతి మాత్రం తప్పన్న అభ్యంతరం. ఆ పద్ధతులు కాలక్రమంలో ఎలా మారుతూ వచ్చాయో వరసగా చూస్తే ఆ అభ్యంతరంలో బలమెంతో తెలుస్తుంది.

ముందుగా గీతమే మైదానంలోకి ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 1814 సెప్టెంబరులో బాల్టిమోర్ రేవును కాపాడే ఫోర్ట్ మెక్‌హెన్రీ కోటపై బ్రిటిష్ నౌకలు కురిపించిన గుండ్లను కళ్లారా చూసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే న్యాయవాది 'స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్' రాశాడు. ఆయన స్వయంగా బానిసల యజమాని అన్న సంగతిని తరవాతి కాలపు విమర్శకులు మరచిపోనివ్వలేదు. ఆ పాటకు జాతీయగీతం హోదా చట్టబద్ధంగా దక్కింది 1931 మార్చి 3న. మైదానం మాత్రం చట్టం కంటె ముందే దాన్ని అక్కున చేర్చుకుంది. 1918 సెప్టెంబరు 5న షికాగోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ తొలి ఆట జరుగుతున్నప్పుడు దేశం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది, ముందురోజే ఆ నగరంలోని ఫెడరల్ భవనంలో బాంబు పేలి నలుగురు చనిపోయారు, గ్యాలరీల్లో ఉత్సాహం అంతంతమాత్రంగా ఉంది. ఏడో ఇన్నింగ్స్ విరామంలో బ్యాండు మేళం ఈ పాట ఎత్తుకోగానే, నౌకాదళం నుంచి సెలవుపై వచ్చి ఆడుతున్న బోస్టన్ ఆటగాడు ఫ్రెడ్ థామస్ జెండా వైపు తిరిగి సెల్యూట్ చేశాడు. అది చూసి తక్కిన ఆటగాళ్లు గుండెపై చేయి ఉంచారు, జనం ఒక్కొక్కరుగా గొంతు కలిపారు, పాట ముగిసేసరికి మైదానం చప్పట్లతో మారుమోగింది. ఆ చప్పట్లను యజమానులు శ్రద్ధగా విన్నారు. సిరీస్ బోస్టన్‌కు మారినప్పుడు అక్కడి యజమాని పాటను ఆట ఆరంభానికే జరిపి, గాయపడిన సైనికులను ఉచితంగా ఆహ్వానించాడు. లౌడ్‌స్పీకర్లు వచ్చాక బ్యాండు మేళం ఖర్చు కూడా తప్పింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇది ప్రతి ఆటకూ ఆనవాయితీ అయింది. 1945లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌ను నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్, అధిపతి ఎల్మర్ లేడన్ యుద్ధం ముగిసినా ఆ ఆనవాయితీని వదలవద్దని కోరాడు. మైదానంలో రాజకీయం వద్దనే అభిమాని కాపాడాలనుకునే ఆచారం రెండు యుద్ధాల కాలంలో, దేశభక్తిని కూడగట్టవలసిన అవసరంలోంచి పుట్టిందన్నది ఈ చర్చలో తరచుగా మరుగున పడే సంగతి.

ఇక చట్టం. గీతం వినిపించేటప్పుడు పౌరులు లేచి నిలబడి కుడిచేయి గుండెపై ఉంచాలని జెండా నియమావళి చెబుతుంది గానీ, అలా చేయనివారికి శిక్షేమీ విధించదు. 1943 జూన్ 14న వెస్ట్ వర్జీనియా, బార్నెట్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, మత విశ్వాసం అడ్డువచ్చిన యెహోవా సాక్షుల పిల్లలచేత బడిలో జెండాకు బలవంతంగా వందనం చేయించకూడదని తేల్చింది. ఆ తీర్పు ప్రతిధ్వని నాలుగు దశాబ్దాల తరవాత భారతదేశంలో, అదీ ఒక తెలుగు న్యాయమూర్తి కలం నుంచి, వినిపించింది: 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి, జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడి పాడకుండా ఊరుకున్న ముగ్గురు కేరళ విద్యార్థులను బడి నుంచి తీసివేయడం చెల్లదని తీర్పునిస్తూ బార్నెట్ కేసును ప్రస్తావించారు. అయితే అమెరికా రాజ్యాంగంలోని తొలి సవరణ, అంటే భావప్రకటన స్వేచ్ఛకు పూచీపడే నిబంధన, కట్టడి చేసేది ప్రభుత్వాన్నే తప్ప ప్రైవేటు యజమానిని కాదు. క్లబ్బు తన ఆటగాడిని ఏమి చేయవచ్చునన్నది అందువల్ల ఒప్పంద పత్రానికీ మార్కెట్టుకూ మిగిలిపోయింది; అభిమాని తీర్పుకు అంత బలం వచ్చింది ఆ సందులోనుంచే.

నిరసన రూపాల్లో మొదట లోకం దృష్టికి వచ్చింది ఎత్తిన పిడికిలి. 1968 అక్టోబరు 16న మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగును 19.83 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన టామీ స్మిత్, మూడో స్థానం పొందిన జాన్ కార్లోస్ బూట్లు విప్పి, నల్లవారి పేదరికానికి గుర్తుగా ఉత్త నల్ల మేజోళ్లతో విజయ వేదిక ఎక్కారు. కార్లోస్ తన చేతి తొడుగులు బసలో మరచి రావడంతో ఒకే జతను ఇద్దరూ పంచుకోవలసి వచ్చింది. ఆ ప్రసిద్ధ ఛాయాచిత్రంలో స్మిత్ కుడి పిడికిలి, కార్లోస్ ఎడమ పిడికిలి ఎత్తి కనిపించడానికి కారణం అదే. గీతం వినిపిస్తుండగా తలలు వంచి, మౌనంగా, ఎవరినీ ఒక్క మాట అనకుండా నిలబడ్డ ఆ ఇద్దరినీ గ్యాలరీలు గేలిచేశాయి, ఒలింపిక్ పెద్దలు ఇంటికి పంపించారు, వారి ఇళ్లకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. సంఘీభావంగా, వారిద్దరూ పెట్టుకున్న బ్యాడ్జీనే ధరించిన రజత విజేత, ఆస్ట్రేలియా శ్వేతజాతీయుడు పీటర్ నార్మన్ 2006లో మరణించినప్పుడు శవపేటికను మోసినవారిలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. అదే మెక్సికోలో చెకోస్లొవేకియా జిమ్నాస్ట్ వేరా చాస్లావ్‌స్కా, తన దేశాన్ని ఆక్రమించిన సోవియట్ యూనియన్ గీతం వినిపిస్తుండగా తల పక్కకు తిప్పుకుంది. పరాయి గీతానికి తల తిప్పినవారిని ధీరులనడం ఎక్కడైనా తేలికే. సొంత గీతం ముందు తల వంచినవారి విషయంలోనే ప్రేక్షకుడికి పరీక్ష ఎదురవుతుంది.

వీరంతా ఆనాటి ఒలింపిక్ నిబంధనల ప్రకారం జీతం లేని ఔత్సాహికులు. జీతగాడైన ఆటగాడి విషయంలో ఈ వివాదం పూర్తి రూపంలో వచ్చింది 1996లో. డెన్వర్ నగెట్స్ బాస్కెట్‌బాల్ జట్టులో అగ్రశ్రేణి స్కోరర్ మహమూద్ అబ్దుల్ రవూఫ్, 1991లో ఇస్లాం స్వీకరించినవాడు, ఆ జెండా చాలామందికి అణచివేతకు గుర్తన్న నమ్మకంతో గీతం వేళ డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండిపోవడమో బెంచీ మీద కూర్చోవడమో చేసేవాడు. నెలల తరబడి ఎవరికీ పట్టని ఆ సంగతి పత్రికలకెక్కగానే ఊరంతా భగ్గుమంది. మార్చి 12న బాస్కెట్‌బాల్ లీగ్ అతన్ని సస్పెండ్ చేసింది. ఒక్క ఆటకు అతను పోగొట్టుకున్నది దాదాపు 32 వేల డాలర్లు. రెండు రోజుల్లో రాజీ కుదిరి, అతను నిలబడి, కళ్లు మూసుకుని, దోసిలి పట్టి ప్రార్థన చేసుకునేందుకు ఒప్పుకున్నాడు. నిలబడాలన్నదే అసలు కోరికైతే అది అక్కడితో తీరిపోవాలి. కాని షికాగోలో తిరిగి బరిలోకి దిగిన రోజున నిలబడి ప్రార్థిస్తున్న మనిషినే జనం బూ అంటూ గేలిచేశారు. డెన్వర్ రేడియో ఉద్యోగులు కొందరు అక్కడి మసీదులోకి చొరబడి జాతీయగీతం వాయించారు. ఆ వేసవిలో క్లబ్బు అతన్ని వేరే జట్టుకు ఇచ్చివేసింది, మరి రెండేళ్లలో అతను ఆట కోసం టర్కీకి వెళ్లవలసి వచ్చింది.

తరవాతి దశాబ్దంలో ఇరాక్ యుద్ధం మరికొన్ని ఘటనలకు కారణమైంది గాని అవి ఎక్కువ కాలం నిలవలేదు. అంతకంటె ముఖ్యమైన మార్పు తెరవెనుక జరిగింది. 2009 దాకా రాత్రివేళ టీవీలో ప్రసారమయ్యే పెద్ద ఫుట్‌బాల్ ఆటల్లో గీతం వినిపించేటప్పుడు జట్లు చాలావరకు లోపలే ఉండేవి. ఆ ఏడాది నుంచి ఆటగాళ్లంతా గీత సమయానికి మైదానం అంచున బారులు తీరడం పద్ధతయింది. 2015లో సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ బయటపెట్టిన నివేదికలో, రక్షణశాఖ క్రీడా జట్లతో కుదుర్చుకున్న ప్రచార ఒప్పందాల్లో సైనికుల సన్మానాలకూ జెండా ప్రదర్శనలకూ కూడా డబ్బు చెల్లించిందని తేలింది. మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ 7 లక్షల డాలర్లకు పైగా ప్రభుత్వానికి తిరిగి ఇచ్చింది. సొంత గుండెలోంచి పొంగిన భక్తి అనుకుని లేచి చప్పట్లు కొట్టిన అభిమానికి, ఆ దృశ్యాల్లో కొన్నిటికి ఖజానా నుంచి కిరాయి చెల్లిందని తెలియడం నిజంగా బాధించే విషయం.

2016 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపించే కీలక ఆటగాడు, కాలిన్ కేపర్నిక్ నల్లజాతివారిపై పోలీసు హింసకు నిరసనగా గీతం వేళ బెంచీపై కూర్చుండిపోయాడు. మొదటి రెండుసార్లు దాన్ని ఎవరూ గమనించలేదు. ఆగస్టు 26 ఆట తరవాత మాత్రం దుమారం లేచింది. అప్పుడు సైన్యపు ప్రత్యేక దళంలో పనిచేసి ఫుట్‌బాల్ కూడా ఆడిన నేట్ బోయర్ అతన్ని కలిసి, కూర్చోవడం కంటె, నేలకొరిగిన తోటి సైనికుడి సమాధి ముందు సైనికులు చేసేలా ఒక మోకాలిపై వంగడం మేలని సలహా ఇచ్చాడు. సెప్టెంబరు 1న శాన్ డియేగోలో కేపర్నిక్, సహచరుడు ఎరిక్ రీడ్‌తో కలిసి మోకాలు వంచాడు. సైనికుల మనసు నొప్పించకూడదన్న తపనతో, ఒక సైనికుడి మాట విని రూపుదిద్దిన భంగిమను సైనికులకు అవమానమని దేశంలో చాలామంది నమ్మడం ఈ చరిత్రలోకెల్లా బాధ కలిగించే ఘట్టం.

అభిమానుల వాదాలు అప్పటికి గట్టిపడ్డాయి. డ్యూటీలో ఉన్న ఉద్యోగి యజమాని వేదికను సొంత ప్రచారానికి వాడుకోరాదన్నది ఒక వాదం. ఎదుటి పక్షం వాదాల్లో చట్టం దృష్టితో బలమైనది ఇదే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం తగదు. వారమంతా కష్టపడి రెండు గంటల ఆటవిడుపు కోసం వస్తే అక్కడా కలహమేనా అన్న విసుగు మరొకటి, అందులోనూ న్యాయముంది. కోట్లు గడించేవాడికి కష్టమేమిటన్నది మూడోది; ఇది మాత్రం నిలవదు, ఎందుకంటే కేపర్నిక్ మాట్లాడింది తన కష్టం గురించి కాదు. మాజీ సైనికుల్లోనే కొందరు తాము పోరాడింది ఈ హక్కు కోసమేనన్నారు, కొందరు జెర్సీలు తగలబెట్టారు. అదే సెప్టెంబరులో లీగ్ మొత్తంలో అందరికంటె ఎక్కువగా అమ్ముడుపోయిన జెర్సీ కూడా కేపర్నిక్‌దే.

మరుసటి ఏడాదికి అతను ఏ జట్టూ తీసుకోని ఆటగాడయ్యాడు. 2017 సెప్టెంబరు 22న అలబామా సభలో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ మోకరిల్లేవారిని యజమానులు పనిలోంచి తీసేయాలని పిలుపునివ్వడంతో, ఆ ఆదివారం రెండువందల మందికి పైగా ఆటగాళ్లు మోకరిల్లడమో కూర్చోవడమో చేశారు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు, ఏ పక్షమూ వహించినట్లు కనిపించకూడదని షికాగో మైదానపు సొరంగ మార్గంలోనే ఉండిపోయింది. అయితే అఫ్గానిస్తాన్‌లో పోరాడి వచ్చిన అలెహాండ్రో విల్లనువేవా అనే ఆరడుగుల తొమ్మిదంగుళాల ఆటగాడు సొరంగం నోటి దగ్గర ఒంటరిగా, గుండెపై చేయి ఉంచి నిలబడినట్లు కెమెరాలకు దొరికిపోయాడు. ఒక్క రోజులో అతని జెర్సీ అమ్మకాల్లో అగ్రస్థానానికి చేరింది. మరుసటి రోజు అతను, జట్టు నాయకులతో కలిసి నిలబడదామనుకుని అనుకోకుండా ముందుకు వచ్చేశాననీ, సహచరులను చెడ్డవారిగా చూపినందుకు సిగ్గుపడుతున్నాననీ చెప్పుకున్నాడు. కొనుగోళ్లు అప్పటికే జరిగిపోయాయి. ఏడాది తేడాతో ఎదురెదురు శిబిరాలు ఇద్దరి చొక్కాలను తమ జెండాలుగా చేసుకున్నాయి, చొక్కా తొడిగిన మనిషి చెప్పే మాట మాత్రం వెనకబడింది.

2018 మేలో లీగ్, మైదానంలో ఉంటే నిలబడాలి, ఇష్టం లేకుంటే లోపల ఉండాలి, ఉల్లంఘిస్తే క్లబ్బుకు జరిమానా అన్న నియమం తెచ్చి, రెండు నెలల్లోనే ఆటగాళ్ల సంఘం ఒత్తిడితో దాని అమలును ఆపింది. 2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు అధికారి మోకాలితో మెడ నొక్కి చంపిన తరవాత గాలి మారింది; ఆటగాళ్ల మాట ముందే వినకపోవడం తప్పేనని జూన్ 5న లీగ్ అధిపతి రోజర్ గుడెల్ ఒప్పుకున్నాడు, కేపర్నిక్ పేరు మాత్రం ఎత్తలేదు.

సెప్టెంబరు 10న కొత్త సీజన్ కాన్సాస్ సిటీలో మొదలైంది. గీతం ముగిసింది. ఆ తరవాత రెండు జట్లూ మైదానం మధ్య చేయీ చేయీ పట్టుకుని ఐక్యతకు గుర్తుగా కాసేపు మౌనంగా నిలిచాయి. ఆ మౌనంలో ఎవరూ మోకాలు వంచలేదు, ఎవరూ పిడికిలి ఎత్తలేదు, జెండా ఊసు లేదు. కరోనా వల్ల పలచగా నిండిన గ్యాలరీల్లోంచి బూ అన్న కేకలు టీవీలో స్పష్టంగా వినిపించాయి. పిడికిలి, మూసిన కళ్లు, వంచిన మోకాలు అన్నీ పోయి, గీతం కూడా పక్కకు జరిగిన ఆ క్షణంలో పద్ధతిపై అభ్యంతరానికి ఆధారమే మిగలలేదు. అభ్యంతరం మాత్రం మిగిలింది.

అదే ఏడాది మొదలైన బాస్కెట్‌బాల్ సీజన్‌లో డాలస్ మావెరిక్స్ జట్టు అప్పటి యజమాని మార్క్ క్యూబన్ తన మైదానంలో గీతం వినిపించడమే నిలిపివేశాడు. సన్నాహక ఆటలతో కలిపి 13 ఆటలు అలా గడిచాయి, కరోనా వల్ల చాలావరకు ఖాళీ గ్యాలరీల ముందు. బయట ఎవరికీ ఆ లోటు తెలియలేదు. 2021 ఫిబ్రవరిలో ఆ సంగతి వార్తగా వచ్చిన మరునాడే ప్రతి జట్టూ గీతం వినిపించి తీరాలని బాస్కెట్‌బాల్ లీగ్ ప్రకటించింది, ఆ రాత్రి అట్లాంటాతో ఆటకు ముందు డాలస్‌లో అది మళ్లీ వినిపించింది.